రెండవ ప్రతి యెక్కడ?

2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రములో అగ్నిప్రమాదము సంభవించినది. లిథియము బ్యాటరీలను ఒకచోటినుండి మరియొక చోటికి తరలించు సందర్భమున నిప్పు పుట్టి యంత్రశాలను దహించినది. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు ఒక్కసారిగ స్తంభించినవి. తరువాతి వారములలో వానిని క్రమముగ పునరుద్ధరించుచు వచ్చిరి. కాని యొకటి మాత్రము తిరిగి రాలేదు. ప్రభుత్వోద్యోగులు తమ నిత్యకార్య పత్రములను దాచుకొను 'జీ-డ్రైవ్' అను భాండారము పూర్తిగ నశించినది. అందుండిన సమాచారము 858 టెరాబైట్లు. ఒక టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లు. ఇంతటి భాండారమునకు వేరొకచోట ప్రతి లేదు. అది మిక్కిలి పెద్దది యగుటచే, దాని నిర్మాణమును బట్టి బయట ప్రతి యుంచుట సాధ్యపడలేదని అధికారులు చెప్పిరి.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. 2018 నుండి ఉద్యోగులకు తలకు 30 గిగాబైట్ల చోటు కేటాయించి, పత్రములను తమ బల్లమీది కంప్యూటరులో గాక ఈ భాండారమునందే యుంచవలెనని ప్రభుత్వము సూచించినది. ఆ సూచనను అన్ని శాఖలు ఒకే విధముగ పాటింపలేదు. సమస్త పత్రములను అందే దాచవలెనని తన సిబ్బందిని నిర్బంధించిన ఉద్యోగ వ్యవహారముల మంత్రిత్వ శాఖకు అధిక నష్టము వాటిల్లినది. పాత అలవాటు చొప్పున కంప్యూటరులో ఒక ప్రతి మిగిల్చినవారు, ఈమెయిలులో పంపుకొన్నవారు, కాగితముపై అచ్చు తీసి బీరువాలో పెట్టుకొన్నవారు కొంతలో కొంత బయటపడిరి. ఆజ్ఞను పాటించినవారికి శిక్షయు, పాటింపనివారికి రక్షణయు లభించినట్లు పైకి తోచును. వారిని రక్షించినది రెండవ ప్రతి.

ఈ వార్త చదివి, ఇది ప్రభుత్వములకు సంబంధించిన విషయమని ప్రక్కకు నెట్టుట సులభము. కాని నేడు సామాన్య గృహములలో కూడ ఇట్టి భాండారములు వెలసినవి. ఒక లాప్‌టాప్, ఒక సెల్‌ఫోను, ఎన్నడో కొని సొరుగులో వేసిన ఒక పెన్‌డ్రైవు - ఇవియే ఆ భాండారములు. ఉపాధ్యాయుడు ఇరువది యేండ్లుగ కూర్చుకొన్న ప్రశ్నపత్రములు, బోధన పత్రములు, పరిశోధక విద్యార్థి మూడేండ్ల శ్రమకు ఫలమైన సిద్ధాంత వ్యాసము, పెండ్లి ఛాయాచిత్రములు, కీర్తిశేషురాలైన తల్లి కంఠస్వరము - ఇవన్నియు ఒకే యంత్రములో, ఒకే ప్రతిగ నుండుట సర్వసాధారణమైనది. ఒకనాటి ఉదయము ఆ యంత్రము మేలుకొనదు. అప్పుడు గాని అందేమున్నదో ఇంటివారికి గుర్తు రాదు.

యంత్ర స్వభావము

తొలి హార్డ్‌డిస్కును 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించినది. అందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. బరువు ఇంచుమించు ఒక టన్ను. దానిలో పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోను తీయు ఛాయాచిత్ర మొకదానికి ఆ చోటు చాలీచాలదు.

నేటి డిస్కు చేతిలో ఇముడును. అద్దమువలె నునుపైన పళ్లెములు లోపల నిమిషమునకు 5400 మార్లో, 7200 మార్లో తిరుగుచుండును. వానిపై వ్రాయుచు, వ్రాసినదానిని చదువుచు నుండు సూక్ష్మమైన ముల్లు పళ్లెమును తాకదు. ఆ రెంటి నడుమ ఎడము కొన్ని నానోమీటర్లు. అనగా తలవెండ్రుక మందములో సుమారు పదివేలవ వంతు. యంత్రము చేజారి నేలపై పడినను, లోనికి ధూళికణము ప్రవేశించినను, ఆ ముల్లు పళ్లెమును గీయవచ్చును. గీసినచోట వ్రాత యుండదు. పడకపోయినను, పగులకపోయినను, తిరుగునట్టి వస్తువు అరుగక తప్పదు.

ఎన్ని డిస్కులు ఏటేట చెడుచున్నవో లెక్క కట్టి ప్రకటించు సంస్థలు కలవు. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అను సంస్థ తాను నడుపుచున్న సుమారు మూడు లక్షల డిస్కులలో 2024లో నూటికి 1.57 వంతున చెడినవని ప్రకటించినది. ఈ అంకె స్వల్పముగ తోచును. కాని ఇన్నూరు ఇండ్లున్న వీధిలో ఇంటికొక డిస్కు చొప్పున నున్నచో, ఏటేట మూడు ఇండ్లలో ఈ దుఃఖము కలుగునన్నమాట. ఆ సంస్థ డిస్కులు చల్లని గదులలో, నిలుకడయైన విద్యుత్తుతో, కదలిక లేక పనిచేయునవి. సంచిలో వేసికొని బస్సులో తిప్పు లాప్‌టాపునకు, వేసవిలో మాటిమాటికి కరెంటు పోవు ఇంటిలోని కంప్యూటరునకు అట్టి సౌఖ్యము లేదు.

తిరుగు పళ్లెములు లేని నూతన నిలువ సాధనములు, అనగా ఎస్.ఎస్.డి.లు, దెబ్బలకు ఎక్కువగ ఓర్చును. అందుచే అవి శాశ్వతములని కొందరి భ్రమ. వానిలో అక్షరము విద్యుదావేశ రూపమున నుండును. ఏండ్ల తరబడి విద్యుత్తు తగులక పడియున్నచో ఆ ఆవేశము క్షీణింపవచ్చును. పైగా అవి చెడునపుడు తరచు ఏ హెచ్చరికయు చేయవు.

చెడిన తరువాత

తుడిచివేసిన ఫైలు వేరు. చెడిన డిస్కు వేరు. ఈ భేదము తెలియకపోవుటచే పెక్కురు చేజేతుల నష్టము పెంచుకొనుచున్నారు.

హార్డ్‌డిస్కులో ఫైలును తుడిచినపుడు కంప్యూటరు అక్షరములను వెంటనే చెరుపదు. పుస్తకపు విషయసూచికలో అధ్యాయము పేరు కొట్టివేసి, ఆ పుటలు ఇక ఖాళీయని గుర్తు పెట్టుకొనుట వంటిది ఆ పని. క్రొత్త వ్రాత ఆ పుటలపై పడువరకు పాతది అట్లే యుండును. కావున పొరపాటున తుడిచినవారు చేయవలసిన మొదటిపని, ఆ కంప్యూటరును వాడుట మానుట. ఫైళ్లను వెదకితీయు ప్రోగ్రామును అదే డిస్కులోనికి దింపుకొన్నచో, దేనికొరకు వెదకుచున్నారో దానిమీదనే అది వచ్చి కూర్చుండవచ్చును. డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి వెదకుట క్షేమకరము. ఎస్.ఎస్.డి. విషయములో ఈ యవకాశము తక్కువ. ఖాళీయని గుర్తించిన చోటును అది తానే శుభ్రపరచుకొనును.

డిస్కు టకటకమని శబ్దము చేయుచున్నచో అది ముల్లు తడబడుచున్న లక్షణము. మరల మరల స్విచ్చి వేసి చూచుకొలది గీతలు పెరుగును. మంచుపెట్టెలో నుంచిన బాగుపడునను మాట చాలకాలముగ వ్యాప్తిలో నున్నది. బయటికి తీసిన పిమ్మట తేమ పేరుకొని పళ్లెములు మరింత చెడుటయే దాని ఫలితము. ఇంటిలో మూత విప్పుట అంతకంటె ప్రమాదము. ధూళి లేని గదిలో నిపుణులు డిస్కు విప్పి అక్షరములను వెలికితీయు విద్య కలదు. దానికి వేల రూపాయలు వ్యయమగును. ఫలితమునకు పూచీ లేదు. వైద్యము ఇంత దుర్లభమైనచో, ముందుజాగ్రత్తయే శరణ్యము.

ప్రతి యున్నను పనికిరానిచోట్లు

ముందుజాగ్రత్త యనగా ప్రతి తీయుట అని యెల్లరకు తెలియును. అది తెలిసిన సంస్థలు సైతము ఎట్లు దెబ్బతిన్నవో పరికించినచో, ప్రతి యుండుట మాత్రమే చాలదని తేలును.

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున 2021 మార్చి 10న ఓ.వి.హెచ్. సంస్థవారి సమాచార కేంద్రము తగులబడినది. ఖాతాదారులలో కొందరు తమకు ప్రతి కలదని నిశ్చింతగ నుండిరి. ఆ ప్రతియు అదే ఆవరణలో నుండుటచే రెండును బూడిదయైనవి. ఇంటిలో లాప్‌టాపును, దాని ప్రతి గల డిస్కును ఒకే సంచిలో నుంచువారి పరిస్థితియు ఇట్టిదే. సంచి పోయిన రెండును పోవును.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఉద్యోగి రాత్రివేళ అలసటలో ఒక యంత్రమని భ్రమించి మరియొక యంత్రములోని సమాచారమును తుడిచివేసినాడు. ఆ సంస్థకు ప్రతి తీయు విధానములు ఐదు కలవు. తీరా చూడగ, ఒక్కటియు సక్రమముగ పనిచేయుటలేదని వెల్లడియైనది. ఆరు గంటల ముందు వేరొక పనికై యాదృచ్ఛికముగ తీసిన ప్రతి యొకటి యుండుటచే బయటపడిరి. ఆ సంస్థ ఈ వృత్తాంతమును దాచక లోకమునకు ప్రకటించుట ప్రశంసనీయము. ప్రతిని ఒకసారియైన తెరచి చూడనివారికి ప్రతి యున్నదను నమ్మకమే గాని ప్రతి లేదని ఈ ఉదంతము చాటుచున్నది.

జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున 2021 డిసెంబరులో జరిగినది మరింత విపరీతము. సూపర్ కంప్యూటరులోని ఫైళ్లకు ప్రతి తీయవలసిన ప్రోగ్రామే, సవరణలో దొర్లిన దోషముచే, ఫైళ్లను తుడిచివేసినది. 77 టెరాబైట్ల పరిశోధన సమాచారము, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు మాయమైనవి. పదునాలుగు పరిశోధక బృందములు నష్టపడినవి. కాపలావానిని నియమించినవారు అతనిపై కూడ ఒక కన్ను వేసి యుంచవలెను.

2017 మే నెలలో ప్రపంచమును కలచివేసిన 'వానాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాత బడినవి. కంప్యూటరునకు ఎల్లవేళల తగిలించియున్న రెండవ డిస్కునకు కూడ అట్టి తాళము పడును. ప్రతి తీసిన వెంటనే డిస్కును విప్పి వేరుగ నుంచుమని చెప్పుటకు కారణ మిదియే. ఇంటర్నెట్టు ద్వారమున దూరదేశములోని యంత్రములలో దాచు 'క్లౌడ్' సౌకర్యము మంచిదే. కాని అది తరచు ఇంటిలోని ఫైలుకు నీడవలె నడచును. ఇక్కడ తుడిచినది అక్కడను తుడిచిపోవును. ఇక్కడ చెడినది అక్కడను చెడును. కొన్నాళ్లు చెత్తబుట్టలో మిగులునను ధైర్యము తప్ప, నీడను ప్రతి యని భావింపరాదు.

తాటాకులు నేర్పిన పాఠము

తెలుగువారికి ఈ సమస్య క్రొత్తది కాదు. తాటాకునకు చెద శత్రువు, పురుగు శత్రువు, తేమ శత్రువు. గంటముతో వ్రాసిన లేఖకులు గ్రంథము చివర, నూనెనుండియు నీటినుండియు సడలిన కట్టునుండియు ఈ పుస్తకమును కాపాడుమని పాఠకుని వేడుకొను శ్లోకములు చేర్చుట ఆచారముగ నుండెడిది. ఆకు నశించునని వారెరుగుదురు. తరము తరమునకు క్రొత్త ఆకులపై తిరిగి వ్రాయుటయే వారు కనుగొన్న ఉపాయము. నేడు చదువబడుచున్న ప్రాచీన కావ్యములకు కవుల స్వహస్త ప్రతులు మిగులలేదు. ప్రతికి ప్రతి, ఆ ప్రతికి మరియొక ప్రతి - ఈ వరుస తెగకపోవుటచేతనే అవి దక్కినవి.

వరుస తెగినచోట ఏమి జరిగినదో కూడ సాహిత్య చరిత్ర చెప్పుచున్నది. పెదపాటి జగ్గన్న సంధానించిన ప్రబంధరత్నాకరములో పూర్వకవుల పద్యములు పెక్కు కలవు. వానిలో కొన్నింటికి మూలమైన కావ్యములు నేడు లభ్యములు కావు. ఇష్టమైన పద్యములను ఒక రసికుడు ఎత్తి వ్రాసికొనుటచే ఆ కవుల పేర్లయినను నిలిచినవి. తాళ్ళపాక అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వానిని తిరుమలలో రాగిరేకులపై చెక్కించి దాచిరి. రాగి తాటాకువలె చివుకదు. అయినను నేడు లభించుచున్నవి అందు సగమునకు తక్కువ. వస్తువు గట్టిది యైనంతమాత్రమున రక్షణ పూర్తి కాదు.

19వ శతాబ్దిలో కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను ఒకే కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. పలు ప్రతులుండుటచే రెండు లాభములు కలిగినవి: ఒకటి నశించిన మరియొకటి యుండును, ఒకదానిలో తప్పు దొర్లిన రెండవది దానిని పట్టి యిచ్చును. నేటి కంప్యూటరు నిపుణులు పెద్ద పేర్లతో చెప్పు సూత్రములును ఈ రెండే.

తిరిగి వచ్చునవి, రానివి

అన్నిటిని దాచుట సాధ్యము కాదు, అవసరమును కాదు. సెల్‌ఫోనులో దినదినము వచ్చిపడు శుభోదయ చిత్రములను, ఒకే దృశ్యమునకు తీసిన ఇరువది ఛాయాచిత్రములను ఎంచక పోగుచేసినచో, అసలైనవి ఆ రాశిలో కూరుకుపోవును. చోటు నిండి, ప్రతి తీయుటయే కష్టమై, చివరకు ఆ పని మానుట సంభవించును. కొరియా ప్రభుత్వమునకు ఎదురైన చిక్కులో కొంత భాగము ఇట్టిదే.

కావున మొదట అడుగవలసినది, పోయిన మరల దొరకునా యని. చలనచిత్రములు, అచ్చు పుస్తకములు, ప్రోగ్రాములు మరల దొరకును. పరీక్షల ధ్రువపత్రములు పోయినను జారీచేసిన సంస్థలో దాఖలా యుండును. 2015లో ప్రారంభమైన డిజిలాకరు ద్వారా అనేక పత్రములను తిరిగి పొందవచ్చును. కాని ఇంటిలోని చంటిబిడ్డ తొలి పలుకును, ఊరి పెద్దముత్తైదువ పాడగా పట్టిన మంగళహారతిని, విద్యార్థులకై ఉపాధ్యాయుడు స్వయముగ వ్రాసిన పాఠమును తిరిగి జారీచేయు కార్యాలయము లోకములో లేదు. ప్రపంచమున వేరెవరివద్దను లేనిదానిని ముందు కాపాడవలెను. అట్టివి సాధారణ కుటుంబములో కొద్దిపాటివే యుండును. అవి చిన్న డిస్కులో కూడ పట్టును.

తెలుగు ఫైళ్లకు ప్రత్యేకమైన ఆపద మరియొకటి కలదు. యూనికోడ్ ప్రమాణము 1991లో వెలువడిన నాడే అందు తెలుగునకు చోటు లభించినది. అయినను ఆ తరువాత చాలకాలము అచ్చు పనికి, ఇంటి వ్రాతకు వేరువేరు సంస్థల ఫాంట్లే వాడుకలో నుండెడివి. అట్టి ఫాంట్లలో పెక్కింటియందు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చెడివారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరచినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. డిస్కు చెడలేదు, ఫైలు పోలేదు, కాని చదువుటకు వీలులేదు. పాత వ్యాసములు, కథలు, పాఠశాల సంచికలు ఇట్టి ఫాంట్లలో నున్నవారు, ఆ ఫాంట్లు దొరకుచున్నప్పుడే వానిని యూనికోడులోనికి మార్చుకొనుట మేలు. మార్పు ప్రోగ్రాములు తప్పులు చేయును గాన, మార్చినదానిని మూలముతో పోల్చి చదువుట అవసరము.

పాఠశాలలో చేయదగినది

ఛాయాగ్రాహకుడైన పీటర్ క్రో అను నతడు తన గ్రంథమునందు సూచించిన నియమమొకటి ప్రపంచమంతట వ్యాపించినది: ప్రతులు మూడు, సాధనములు రెండు విధములు, అందొకటి వేరొక చోట. ఇందు అసలు ఫైలు కూడ ఒక ప్రతి క్రిందనే లెక్క. లాప్‌టాపులో ఒకటి, విడిగ నుంచు డిస్కులో ఒకటి, క్లౌడులోనో, వేరొక ఊరిలోని బంధువు ఇంటనో ఒకటి యుండిన చాలును. ప్రతులు పెరిగినకొలది పరుల చేతికి చిక్కు భయమును పెరుగును గావున, బ్యాంకు పత్రముల వంటివానికి సంకేతపదముతో తాళము వేయవలెను. ఆ సంకేతపదమును కాగితముపై వ్రాసి ఇంటిలో నమ్మకమైన చోట దాచవలెను. అది మరచినచో తాళము వేసినవానికి కూడ తలుపు తెరచుకొనదు.

రెండవ డిస్కు కొను శక్తి అందరకు లేదనుట నిజము. అట్టివారు అత్యవసరమైన కొద్దిపాటి ఫైళ్లను తమ ఈమెయిలునకు తామే పంపుకొనవచ్చును. నాలుగు ముఖ్యమైన ఛాయాచిత్రములను అచ్చు తీయించి గోడకు తగిలింపవచ్చును. తోబుట్టువులకు తలా యొక ప్రతి పంచవచ్చును. కొరియాలో కొందరిని కాపాడినవి ఇట్టి సామాన్య ఉపాయములే.

టైపు చేయుట నేర్పి, దాచుట నేర్పనిచో కంప్యూటరు పాఠము సగమే నేర్పినట్లు. 2011 నుండి మార్చి 31వ తేదీని ప్రపంచ బ్యాకప్ దినముగ కొన్ని దేశములలో పాటించుచున్నారు. పరీక్షల హడావుడిలో ఆ తేదీ కుదరనిచో, పాఠశాల తెరచిన తొలి వారములో ఒక పీరియడును దీనికి కేటాయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఇంటిలో మరల దొరకని ఫైళ్లు ఐదింటిని ఎంచవలెను. వానికి ప్రతి తీయవలెను. ఆ ప్రతిని వేరొక యంత్రములో తెరచి చూడవలెను. ఈ మూడవది మరువరాదు. గిట్‌ల్యాబు సంస్థకు లోపించినది అదియే.

1998లో అమెరికాలోని పిక్సారు సంస్థ 'టాయ్ స్టోరీ 2' చిత్రమును నిర్మించుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞచే చిత్రములో అధికభాగము తుడిచిపోయినది. సంస్థలోని ప్రతులు పనికిరాకపోయినవి. సాంకేతిక పర్యవేక్షకురాలొకరు పసిబిడ్డను చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుటకై, తన ఇంటి కంప్యూటరులో ఆ చిత్రమునకు ఒక ప్రతి యుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగ సంస్థకు చేర్చిరి. చిత్రము దక్కినది. వందలమంది నిపుణులు పనిచేయు సంస్థకు ఆనాడు అక్కరకు వచ్చినది ఒక తల్లి ఇంటనున్న ప్రతి. అట్టి యదృష్టము అందరకు పట్టదు. అదృష్టముతో పనిలేకుండ ఆ రెండవ ప్రతిని సిద్ధముగ నుంచుకొనుటకు పట్టునది నెలకొక అరగంట.